సముద్రం లేని ఊరోళ్ళం, చేప పొడవు ఎందుకు చూడాలి?

మేము బడిలో చదివింది కన్నడం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. రాతలో తప్పులుంటే పెద్దలు దిద్దండి. ఈసారి మా అవ్వ మాట ఒకటి పట్టుకొని సముద్రం చేపల గురించి రాస్తున్నాము. పావగడ వాళ్ళకు సముద్రంతో ఏం పని అని నవ్వొద్దు. తూర్పుకు పోయినా పడమరకు పోయినా మనకు సముద్రం 300 కిలోమీటర్ల పైమాటే. కానీ మన వంటింట్లోకి అది ఎప్పుడో వచ్చేసింది.

అవ్వ చిన్నప్పుడు ఎండాకాలం చెరువు అడుగంటితే ఊరంతా చేపలకు దిగేదంట. బుట్టలో వేలెడంత పిల్లలు పడితే పక్కన నీళ్ళున్న గుంతలో వదిలేయమని పెద్దోళ్ళు అరిచేవాళ్ళంట. "విత్తనం చెనిక్కాయలు వేయించుకొని తింటే వానొచ్చినాక ఏం చల్లుతావు?" అనేది అవ్వ. చెనిక్కాయ పండించే ఇండ్లలో ఆ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కరలేదు.

ఇప్పుడు మాలో సగం మంది బెంగళూరులో ఉన్నాము. చేపలు ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఐసులో వస్తాయి. మొన్న బంగుడె తెప్పిస్తే ఒక్కొక్కటి చూపుడు వేలంత ఉంది. ఆంధ్రా తీరంలో కానాగంతలు అనేది వీటినే. ఇవి పిల్లలు, ఇంకోసారి తెప్పించొద్దు అని మేమంటే, మా చిన్నాయన ఒప్పుకోలేదు. "చచ్చి ఐసులోకి వచ్చినాక నువ్వు కొంటే ఏమి, కొనకపోతే ఏమి?" అన్నాడు. ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయినాము. ఇప్పుడు చెప్తున్నాము.

ముందు కేరళ సంగతి చూడండి. మంగళూరు వైపు బూతాయి అనే చేపను మలయాళీలు మత్తి అంటారు, ఆంధ్రాలో నూనె కవళ్ళు. కేరళలో 2012లో అది దాదాపు 4 లక్షల టన్నులు పడింది. 2021లో 3,500 టన్నులు కూడా పడలేదు. సముద్రం వేడెక్కడం ఒక కారణం, పెరగక ముందే పట్టేయడం ఇంకో కారణం. వేడి మన చేతిలో లేదు, వల మన చేతిలో ఉంది. అందుకే కేరళ ప్రభుత్వం పట్టే చేపకు కనీసం పొడవు పెట్టింది. మత్తికి 10 సెంటీమీటర్లు, బంగుడెకు 14. 2021 తర్వాత మత్తి మళ్ళీ కనిపించింది. అంటే సముద్రానికి టైమిస్తే తేరుకుంటుంది.

ఆ టైము కోసమే వేట నిషేధం. ఆంధ్రా తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, కర్ణాటక తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా, రెండు చోట్లా 61 రోజులు మర పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలూ బెస్తవాళ్ళ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలి? ఆంధ్రాలో 2019 నుంచి కుటుంబానికి 10,000 రూపాయలు ఇచ్చేవాళ్ళు, 2025లో దాన్ని 20,000 చేశారు. ఇది ఉచితాల లెక్కలోది అని మనవాళ్ళు కొందరు అంటుంటారు. మేము ఒప్పుకోము. మన రేపటి చేప కోసం వాళ్ళు ఈరోజు కూలి వదులుకుంటున్నారు, దానికి ఇచ్చే కూలి అది.

ఇప్పుడు చిన్నాయన ప్రశ్న. మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పును మొదట్లోనే పట్టుకోవాలి, కస్టమర్ చేతికి పోయినాక పట్టుకుంటే ఆలస్యం. ఆ లెక్కన చిన్నాయన మాట సగం నిజం. చిన్న కన్నుల వల దగ్గర ఆగాల్సిన తప్పు, మన ప్లేటు దాకా వచ్చినాక ఆ చేప బతకదు. కానీ చివర్లో దొరికిన తప్పును రాసి వెనక్కి పంపితేనే మొదట్లో వాళ్ళు దిద్దుతారు. పిల్ల చేపకు గిరాకీ లేదని అంగడివాడికి తెలిస్తే హార్బరుకు తెలుస్తుంది, హార్బరుకు తెలిస్తే వలకు తెలుస్తుంది. మనం కొనడం మానేస్తే పోయేది ఆ చేప ప్రాణం కాదు, వచ్చే వారం ఆర్డరు.

అట్లని చిన్న చేప కనిపిస్తే చాలు పోట్లాడొద్దు. నెత్తళ్ళు ఎంత పెరిగినా చిన్నవే, అవి పిల్లలు కాదు. జూన్, జులైలో అంగట్లో సముద్రం చేప ఉందంటే అది దొంగ చేప అని కూడా కాదు. జూన్ 15కు తూర్పు తీరం తెరుస్తారు, తెడ్డు వేసే నాటు పడవలకు నిషేధమే లేదు. చేప పేరు తెలుసుకొని, దాని పొడవు అడిగితే చాలు.

ఇంకొక్క మాట. మన చెరువులో చేప అయిపోతే ఫిషరీస్ వాళ్ళ దగ్గర మీను మరి తెచ్చి వదులుకుంటాము. రెండు వానలకు చెరువు మళ్ళీ నిండుతుంది. బంగుడెకు, బూతాయికి అట్లా తెచ్చి పోసే లారీ లేదు. సముద్రానికి విత్తనం సముద్రంలోనే ఉండాలి.

మన నాగలమడికె దగ్గర పారే పెన్న, నెల్లూరు జిల్లా దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. నీళ్ళున్న ఏడాది మన వాన కూడా ఆ చేపలకు చేరుతుంది. సంబంధం లేదనడానికి లేదు.

మా వంటింట్లో ఇప్పుడు పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు ఒకటి పెట్టినాము. చేపలు రాగానే చిన్నాయనే తీసి కొలుస్తున్నాడు, 14 లేకపోతే అంగడివాడికి ఫోన్ చేసేదీ ఆయనే. మీ ఇండ్లలో కూడా ఒక స్కేలు పెట్టండి.