సైకిల్ దారి ముందు, రిసార్టు తర్వాత

ఆదివారం పొద్దున అనంతగిరి ఘాట్ ఎక్కి చూడండి. మలుపు మలుపుకూ కార్లే. పిట్ట కూత వినపడాలంటే ముందు హారన్లు ఆగాలి. గాలి మంచిదని క్షయ రోగులకు ఆసుపత్రి కట్టిన కొండ ఇది. ఆ గాలి కోసమే హైదరాబాద్ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు వస్తున్నవాళ్లు ఇక్కడ పొగ నింపి పోతున్నారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వేరే దారి మనమెప్పుడు చూపించాం?

వికారాబాద్ జిల్లాలో పర్యాటకమంటే ఇన్నాళ్లూ ఒక రిసార్టు, దానికో గేటు, గేటు దాకా తారు రోడ్డు. ఇకమీదట ఈ జిల్లా పర్యాటకానికి తీసే మొదటి రూపాయి సైకిల్ దారికే పోవాలి. కారులో వచ్చినవాడు రిసార్టులో దిగి, అక్కడే తిని, అక్కడే పడుకుని వెళ్తాడు. సైకిల్ తొక్కేవాడికి దారి పొడవునా దాహమేస్తుంది, ఆకలేస్తుంది, ట్యూబ్ పంక్చరవుతుంది. ధారూర్‌లో చాయ్, కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర జొన్నరొట్టె, తాండూరులో తిరుగు రైలెక్కే ముందు రెండు కిలోల కందిపప్పు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, దాన్ని పండిన చోటే కొనుక్కునే మనిషి మాత్రం రాలేదు.

కాలువ గట్ల మీద తొక్కడానికి ఇదేమైనా కోనసీమా అంటారు కొందరు. కాదు, ఇది మిట్ట నేల. అయినా నీళ్లకు కొదవ లేదు. ఈ కొండల్లోనే పుట్టి మూసీ తూర్పుకు, కాగ్నా పడమటికి పోతాయి. మూసీ నేరుగా, కాగ్నా భీమా మీదుగా, రెండూ చివరికి కృష్ణకే చేరతాయి. వికారాబాద్ నుంచి తాండూరుకు నలభై కిలోమీటర్ల చిల్లర. కొండ దిగితే కంది చేలు, కోట్‌పల్లి కాలువలు, చివర కాగ్నా. ఒక రోజు తొక్కుడుకు ఇంతకంటే ఏం కావాలి!

అసలు అడ్డంకి లారీ. తాండూరు నాపరాయి, సిమెంటు మోసే రోడ్ల గుంతల సంగతి ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. 2025 నవంబరు 3న తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. బస్సుకే దిక్కులేని రోడ్డు మీదికి సైకిల్‌ను తోయమని మేం అడగడం లేదు. దాని అంచున తెల్లగీత గీసి, ఇదే మీ ట్రాక్ అంటే ఒప్పుకోం కూడా. మేం అడిగేది ఊరికీ ఊరికీ మధ్య ఉన్న పంచాయతీ రోడ్లు, కాలువ గట్లు. రైతు ట్రాక్టరు పోవాలి, టిప్పర్ మాత్రం పోకూడదు. ఆదివారం టూరిస్టు తొక్కే ఆ దారి మిగతా ఆరు రోజులూ బడి పిల్లలది.

2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేయగలిగిన రాష్ట్రానికి ఇదో లెక్క కాదు. ఇక్కడ కప్పు అక్కర్లేదు, చెట్లు చాలు. రైల్వే చేయాల్సింది ఇంకా తక్కువ: సెలవు రోజుల్లో ఒక ఉదయపు రైలుకు, ఒక సాయంత్రపు రైలుకు సైకిళ్లు ఎక్కించే చోటివ్వాలి.

బెల్జియంలోని లింబర్గ్ మనలాగే భూమిని తవ్వి బతికిన ప్రాంతం. 1992లో అక్కడ చివరి బొగ్గుగని మూతపడింది. ఆ తర్వాత సైకిల్ దారులు కలిసే ప్రతి కూడలికీ ఒక అంకె వేశారు. అంకె చూసుకుంటూ తొక్కడమే. మ్యాపు అక్కర్లేదు, భాష రాకపోయినా ఫర్వాలేదు. ఆ పద్ధతే పొరుగున నెదర్లాండ్స్‌కూ పాకింది. ఇక్కడ గనులు మూతపడేదాకా ఆగనక్కర్లేదు. అంకెలు చెక్కడానికి బండలు తాండూరు పాలిషింగ్ యూనిట్ల ముందే పేర్చి ఉన్నాయి.