షూటింగ్ అందరిదీ, ఎడిటింగ్ ఒక్కరిదేనా?

కాలేజీ ఫెస్టుల్లో షార్ట్ ఫిల్మ్ పోటీ పెట్టినా, జర్నలిజం విద్యార్థులకు సెమిస్టర్ ప్రాజెక్టు ఇచ్చినా, చాలా బృందాలు ముందుగా పట్టుకునేది థ్రిల్లర్‌నే. అందులో తప్పేమీ లేదు. ఇద్దరు ముగ్గురు నటులు, ఒక గది, ఒక రాత్రి ఉంటే కథ నడుస్తుంది. ఐదారుగురు కలిసి కథ అల్లుకుంటారు. ఒకరు కెమెరా పట్టుకుంటారు, ఒకరు నటిస్తారు, ఇంకొకరు లైట్లు సర్దుతారు, మరొకరు క్లాప్ కొడతారు. ప్యాకప్ చెప్పేదాకా అది నిజంగా అందరి సినిమా. మర్నాటికి ఫుటేజ్ అంతా ఒక హార్డ్ డిస్క్‌లోకి ఎక్కి, మంచి ల్యాప్‌టాప్ ఉన్న ఒక్కరి చేతికి చేరుతుంది. మిగతావాళ్లు ఎప్పుడవుతుందని అడుగుతుంటారు. గడువుకు ముందు రాత్రి ఆ ఒక్కరూ నిద్ర మానుకుని కూర్చుని ఏదో ఒకటి పూర్తి చేసి పంపుతారు. ఈ పద్ధతి మారాలి. థ్రిల్లర్ తయారయ్యేది ఎడిటింగ్ దగ్గరే కాబట్టి, ఆ దశలో బృందం విడిపోతే విద్యార్థులు సినిమా తీయడంలో సగమే నేర్చుకుంటారు. పైగా నేర్చుకోకుండా పోయేది ముఖ్యమైన సగం. ప్రాజెక్టులు ఇచ్చే అధ్యాపకులు, పోటీలు పెట్టే నిర్వాహకులు ఎడిటింగ్‌ను బృందం పనిగా లెక్కగట్టి మార్కులు వేయాలి.

థ్రిల్లర్‌కే ఈ మాట ఎందుకు ఎక్కువగా వర్తిస్తుందో చూడాలి. హాస్య సన్నివేశాన్ని మంచి నటుడు ఒకే షాట్‌లో నిలబెట్టగలడు. ప్రేమకథను మాటలు మోయగలవు. థ్రిల్లర్ మాత్రం ప్రేక్షకుడికి ఏ సంగతి ఎప్పుడు తెలియాలన్న నిర్ణయం మీద నడుస్తుంది. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా ట్రుఫోతో జరిపిన సంభాషణల్లో థ్రిల్లర్ల దర్శకుడు హిచ్‌కాక్ దీన్ని ఒక బల్ల, దాని కింద ఒక బాంబు ఉదాహరణతో వివరించాడు. బాంబు ఉన్నట్టు చెప్పకుండా పేల్చేస్తే ప్రేక్షకుడు పదిహేను సెకన్ల పాటు ఉలిక్కిపడతాడు. ముందే చూపించి, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లను మామూలు కబుర్లు చెప్పుకోనిస్తే పదిహేను నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. రెండింటిలోనూ గది అదే, నటులు వాళ్లే, మాటలూ అవే కావచ్చు. బాంబును చూపించే షాట్ ఎక్కడ పడిందన్నదే తేడా. విద్యార్థుల స్థాయిలో మూడు షాట్లు అనుకుందాం: సగం తెరిచి ఉన్న హాస్టల్ గది తలుపు, బల్ల మీద పండు పక్కన ఉండాల్సిన కత్తి లేకపోవడం, ఒక అమ్మాయి చిరునవ్వు. తలుపు, చిరునవ్వు, మాయమైన కత్తి అనే వరుసలో పెడితే ఆ అమ్మాయికి ఏమవుతుందోనని భయపడతాం. కత్తిని ముందు, చిరునవ్వును చివర పెడితే ఆ అమ్మాయినే అనుమానిస్తాం. నటికి ఈ తేడా తెలియదు, ఆమె ఒక్కసారే నవ్వింది. కెమెరా పట్టినవాడికీ తెలియదు. వరుస నిర్ణయించినవాళ్లే ఆ నవ్వుకు అర్థం ఇచ్చారు. రష్యాలో లెవ్ కులెషోవ్ వందేళ్ల కిందటే దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. మోజుఖిన్ అనే నటుడి ముఖం షాట్ ఒక్కటే తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, మరోసారి శవపేటిక, ఇంకోసారి ఒక స్త్రీ షాట్ అతికిస్తే, ప్రేక్షకులు అదే ముఖంలో ఆకలిని, దుఃఖాన్ని, కోరికను చూశారని సినిమా చరిత్ర చెబుతుంది.

పెద్ద సినిమాల చరిత్ర కూడా ఇదే చెబుతోంది. హిచ్‌కాక్ ‘సైకో’లో స్నానాల గది హత్య దృశ్యానికి ఏడు రోజుల షూటింగ్ పట్టింది. దాని మీద 2017లో వచ్చిన డాక్యుమెంటరీ పేరే ‘78/52’. అంటే 78 కెమెరా సెటప్‌లు, 52 కట్లు. నిమిషం కూడా లేని దాడిని ఎడిటర్ జార్జ్ టొమాసినీ ముక్కముక్కగా పేర్చాడు. 1975లో వచ్చిన ‘జాస్’ తీస్తున్నప్పుడు యాంత్రిక సొరచేప ఉప్పునీటిలో పదేపదే మొరాయించింది. దాన్ని తక్కువగా చూపించక తప్పలేదు. కనపడని సొరచేపతోనే భయం పుట్టించిన వెర్నా ఫీల్డ్స్‌కు ఎడిటింగ్‌లో ఆస్కార్ దక్కింది. విద్యార్థులకు ఇంకా దగ్గరి ఉదాహరణ 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’. ఫ్లోరిడాలో సినిమా చదువుకున్న డానియల్ మైరిక్, ఎడ్వర్డో సాంచెజ్ దాన్ని తీశారు. చేతి కెమెరాలతో ఎనిమిది రోజుల షూటింగ్‌లో దాదాపు ఇరవై గంటల ఫుటేజ్ పోగైంది. దాన్ని గంటా ఇరవై నిమిషాల సినిమాగా మలచడానికి ఎనిమిది నెలలకు పైగా పట్టింది. అడవిలో వారం రోజుల పరుగు గురించి అందరూ మాట్లాడుకుంటారు. ఆ నెలల తరబడి కూర్చోవడం గురించి మన విద్యార్థులకు చెప్పేవారు తక్కువ. అందుకే మన బృందాలు నాలుగు రోజులు షూటింగ్‌కు, ఒక్క రాత్రి ఎడిటింగ్‌కు పెట్టుకుంటున్నాయి.

ఎడిటింగ్ ఒక్కరికే వదిలేస్తే కలిగే అసలు నష్టం ఆ ఒక్కరి నిద్ర పోవడం కాదు, మిగతావాళ్లకు తమ తప్పులు కనపడకుండా పోవడం. బ్రిటన్‌లో ఏ-లెవెల్ మీడియా స్టడీస్ విద్యార్థులకు ఓసీఆర్ పరీక్షల బోర్డు చాలా ఏళ్ల పాటు ఒక కొత్త సినిమా ఆరంభంలోని రెండు నిమిషాలు తీయమని కోర్సు పని ఇచ్చేది. చాలా బృందాలు థ్రిల్లర్‌నే ఎంచుకునేవి. దానికి ముందు ఒక చిన్న అభ్యాసం ఉండేది: ఒక వ్యక్తి తలుపు తీసి, గది దాటి వచ్చి, ఇంకొకరి ఎదురుగా కుర్చీలో కూర్చుని రెండు మాటలు మాట్లాడాలి. కదలిక మధ్యలో కట్ చేసినా అతుకు తెలియకూడదు. మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఊహారేఖను కెమెరా దాటకూడదు. వినడానికి తేలికే. కానీ ఈ నియమాలు షూటింగ్‌లో తప్పినట్టు ఎవరికీ తెలియదు. కుడిచేత్తో తలుపు తీసిన పాత్ర తర్వాతి షాట్‌లో ఎడమచేత్తో గొళ్లెం పట్టుకున్న సంగతి, రెండు షాట్లను పక్కపక్కన పెట్టినప్పుడే బయటపడుతుంది. ఊహారేఖ దాటిన కెమెరామన్ టైమ్‌లైన్ ముందు కూర్చుంటే ఆ తప్పు జన్మలో మళ్లీ చేయడు. కూర్చోకపోతే రెండో సినిమాలోనూ అదే చేస్తాడు. రికార్డు చేసిన గొంతు వెనక ఫ్యాన్ మోత ఎంత ఉందో, ఖాళీ గది నిశ్శబ్దాన్ని అర నిమిషం విడిగా ఎందుకు రికార్డు చేయాలో, తాళంచెవి ఇన్సర్ట్ షాట్ లేకపోతే కథ ఎలా కుంటుపడుతుందో, ప్యాచ్ వర్క్ కోసం మళ్లీ అందరినీ పోగేయడం ఎంత కష్టమో తెలిసేది ఎడిటింగ్ గదిలోనే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. మౌస్ ఒకటే, దాన్ని పట్టుకునే చెయ్యీ ఒకటే. ఆరుగురు చుట్టూ చేరి ఆరు రకాలుగా చెబితే సినిమా ఎటూ కాకుండా పోతుందంటారు. నిజమే, ఓట్లు వేసి కట్ చేయకూడదు. ఒకరి మాట చివరిది కావాలి. అయితే చివరి మాట ఒకరిదైనంత మాత్రాన మిగతావాళ్లు వెళ్లిపోవాలన్న నియమం ఎక్కడా లేదు. ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన ‘ది కాన్వర్సేషన్’ (1974) సంగతి చూడండి. ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగం పనిలో ఆయన తలమునకలై ఉన్నప్పుడు, వాల్టర్ మర్చ్, రిచర్డ్ చ్యూ ఈ సినిమాను ఎడిటింగ్ గదిలో పేర్చారు. పార్కులో దొంగచాటుగా రికార్డు చేసిన ఒక వాక్యంలో నటుడు ఒక మాటను వేరేగా ఒత్తి పలికిన టేక్ మర్చ్ దగ్గర ఉంది. దాన్ని ఆయన సినిమా చివర వాడాడు. అంతవరకూ బాధితులు అనుకున్నవాళ్లే ఆ ఒక్క ఒత్తుతో హంతకులుగా వినిపిస్తారు. ఎడిటింగ్ గదిలో ఇద్దరు, దూరంగా ఉన్నా చూసి అవునో కాదో చెప్పే దర్శకుడు ఒకరు. ఇంతమంది కలిసినా ఆ సినిమా చెడిపోలేదు. విద్యార్థి బృందం కూడా అలాగే చేయవచ్చు. రఫ్ కట్ ఒకరు వేస్తారు, అందరూ కలిసి చూస్తారు, ఎక్కడ ల్యాగ్ అనిపించిందో, ఎక్కడ హంతకుడెవరో ముందే తెలిసిపోయిందో రాసి ఇస్తారు, తర్వాతి వెర్షన్‌కు ఇంకొకరు కూర్చుంటారు. దర్శకుడు తేల్చి చెబుతాడు.

రెండో అభ్యంతరం నాణ్యత గురించి. బాగా వచ్చినవాళ్లే చేస్తే సినిమా బాగుంటుంది కదా, రానివాళ్లను కూర్చోబెట్టి బహుమతి ఎందుకు పోగొట్టుకోవాలని అడుగుతారు. ఇది విద్యార్థుల ప్రాజెక్టు, రిలీజుకు వెళ్లే సినిమా కాదు అన్నది తేలికైన జవాబు. అసలు జవాబు వేరే ఉంది. థ్రిల్లర్‌ను ఎడిట్ చేసేవారికి నైపుణ్యం కన్నా ముందు కావాల్సింది తాజా కన్ను. హంతకుడెవరో మొదటి రోజు నుంచీ తెలిసినవాడికి ఏ షాట్ రహస్యాన్ని బయటపెడుతోందో కనపడదు. క్రేన్ లేక మూడు గంటలు కష్టపడి మేడమీంచి తీసిన షాట్‌ను తీసేయాలంటే ఆ కష్టం చూసినవాడికి చెయ్యి రాదు. ఎడిటర్ వీలైనంతవరకు సెట్‌కు దూరంగా ఉండాలని, ఫ్రేములో ఉన్నదే చూడాలని మర్చ్ చెప్పింది ఇందుకే. షూటింగ్‌లో అందరూ ఉండే చిన్న బృందానికి ఇది కుదరదు. దానికి ఒక మార్గం ఉంది: రెండు బృందాలు తమ రషెస్ (తీసిన ముడి ఫుటేజ్) మార్చుకోవాలి. తమ సినిమా తాము ఎడిట్ చేసుకుంటూనే, అవతలి బృందం ఫుటేజ్‌తో ఒక సన్నివేశమైనా తమ పద్ధతిలో కట్ చేసి చూపాలి. ఇది కొత్త ఊహ కాదు. ‘గన్‌స్మోక్’ అనే టీవీ సిరీస్ రషెస్‌తో అమెరికాలో ఎన్నో బ్యాచుల విద్యార్థులు ఎడిటింగ్ నేర్చుకున్నారు. ఒకే ముడిసరుకు నుంచి ఎన్ని వేర్వేరు సన్నివేశాలు పుడతాయో కళ్లారా చూసిన విద్యార్థికి ఎడిటింగ్ అంటే ఏమిటో వేరే పాఠం చెప్పనక్కర్లేదు. తాము భయపెట్టాలనుకున్న చోట అవతలి బృందం నవ్విందని తెలిసినప్పుడు కలిగే నొప్పి కూడా చదువులో భాగమే.

వసతులు లేవన్న మాటను నేను తేలిగ్గా తీసుకోను. జిల్లా కేంద్రాల్లోని చాలా డిగ్రీ కాలేజీల్లో ఎడిటింగ్ ల్యాబ్ ఊహకు కూడా అందదు. కానీ దావించి రిజాల్వ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ దొరుకుతోంది, ఫోన్లలోనే కట్ చేసే యాప్‌లు ఉన్నాయి. కెమెరా 4కేలో తీస్తుందని 4కేలోనే తీసి, ఆ ఫైళ్ల బరువుకు ల్యాప్‌టాప్ మూలుగుతుంటే కూర్చోవడం అనవసరం. ఫుల్ హెచ్‌డీ చాలు. అన్నిటికన్నా ముందు నిడివి తగ్గించాలి. పదిహేను నిమిషాల థ్రిల్లర్ కన్నా మూడు నిమిషాల థ్రిల్లర్ తీయమనండి. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున అది 4,500 ఫ్రేములు. ఆరుగురు వాదించుకోవడానికి, ఒక్కో కట్‌ను రెండు ఫ్రేములు ముందుకో వెనక్కో జరిపి చూడటానికి కావలసినంత సరుకు అందులోనే ఉంది. చూడటానికి సెమినార్ హాల్లో ఉండే ప్రొజెక్టర్ సరిపోతుంది.

మార్కులు ఎలా వేయాలన్నది అధ్యాపకుల అసలు సందేహం. బృందం పనిలో కష్టపడేది ఇద్దరు, పేరు వేసుకునేది ఆరుగురు. ఈ ఫిర్యాదు ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటుంది. ఎడిటింగ్‌ను అందరి పని చేస్తే ఆ జాడ్యం పెరుగుతుందని కొందరి భయం. నా ఉద్దేశంలో తగ్గుతుంది. వైవాలో సినిమాను ఏదో ఒక కట్ దగ్గర ఆపి, ఎవరో ఒక విద్యార్థిని పిలిచి, ఈ షాట్ ఇక్కడే ఎందుకు ముగిసింది, దీనికి ముందు వెర్షన్‌లో ఏముండేది, ఎందుకు మార్చారని అడగండి. ఎడిటింగ్ గదిలో కూర్చున్నవారు జవాబు చెప్పగలరు, కూర్చోనివారు నీళ్లు నములుతారు. రఫ్ కట్ నుంచి చివరి కట్ దాకా వెర్షన్లన్నీ, వాటి మీద రాసి ఇచ్చిన అభిప్రాయాలతో సహా దాచి సమర్పించమంటే చాలు, ఎవరి మాట మీద ఏం మారిందో కాగితం మీద కనిపిస్తుంది.

ఇంతకీ ఇదంతా ఒక సెమిస్టర్ మార్కుల కోసమే కాదు. యూట్యూబ్ షార్ట్ ఫిల్మ్‌ల నుంచి తెలుగు సినిమాకు దర్శకులు వచ్చారు. షార్ట్ ఫిల్మ్‌లు తీసిన సుజీత్ 2014లో ‘రన్ రాజా రన్’తో, తరుణ్ భాస్కర్ 2016లో ‘పెళ్లిచూపులు’తో వెండితెరకెక్కారు. వాళ్లను చూసి వేలమంది పిల్లలు దర్శకులు కావాలనుకుంటున్నారు, అది మంచిదే. కానీ సినీ ఎడిటర్ అక్కినేని సంజీవి కుమారుడు శ్రీకర్ ప్రసాద్ ఎడిటర్‌గా ఎన్నోసార్లు జాతీయ అవార్డు అందుకున్నారని, ఎన్నో భాషల సినిమాలు ఆయన బల్ల మీదే రూపు దిద్దుకున్నాయని ఆ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? వాళ్ల పోటీల్లో ఉత్తమ దర్శకుడికీ ఉత్తమ నటుడికీ ఉన్న బహుమతి ఎడిటింగ్‌కు లేనప్పుడు వాళ్లకు ఆ దారి ఎలా కనపడుతుంది? ఈ విద్యా సంవత్సరంలో షార్ట్ ఫిల్మ్ పోటీ పెట్టబోయే ప్రతి కాలేజీకి నా విన్నపం ఇదే: ఇచ్చిన గడువులో సగం ఎడిటింగ్‌కు విడిచిపెట్టండి, ఉత్తమ ఎడిటింగ్ బహుమతిని చేర్చండి, దాన్ని ఒక్కరికి కాకుండా బృందం మొత్తానికీ వేదిక మీద అందించండి.