ట్యూబులో ఉన్న పచ్చ మన చేలో లేదు

మా రామచంద్రపురం వైపు పిల్లల్ని పొలం బొమ్మ వెయ్యమంటే ముందు చెయ్యి వెళ్లేది ఆకుపచ్చ ట్యూబు మీదకే. మూత తీసి, కాస్త నీళ్లు కలిపి, కాగితం ఈ చివర నుంచి ఆ చివరకు పూసేస్తారు. నదికి నీలం, మట్టికి బ్రౌన్, కొబ్బరిచెట్టుకి మళ్లీ అదే పచ్చ. ఇది చిన్నపిల్లల సంగతే అనుకోకండి. కాలేజీ ఫెస్టులకి మనం వేసే బ్యాక్‌డ్రాపులు, సంక్రాంతి పోస్టర్లు ఒకసారి చూడండి. మన పల్లెటూళ్లన్నీ ఒకే ప్లాస్టిక్ పచ్చలో ఉంటాయి. అందుకే సూటిగా చెప్పేస్తున్నా. బొమ్మలు వెయ్యాలనుకునే మనవాళ్లెవరూ ఒక ఏడాదిపాటు ఆకుపచ్చ ట్యూబు కొనకూడదు. పచ్చని కలుపుకోవాలి.

ఎందుకంత పట్టుదల అంటారా? ఆ ట్యూబులో ఉన్న పచ్చ మన చేలో ఎక్కడా లేదు కాబట్టి. ఆకుమడిలో పచ్చ వేరు. అందులో పసుపు పాలు ఎక్కువ, ఎండ పడితే వెలిగిపోతుంది. ఊడ్పులైన కొత్తలో చేను పాలిపోయినట్టు ఉంటుంది. మొక్కల మధ్య నీళ్లలో ఆకాశం కనిపిస్తుంది కాబట్టి అది సగం పచ్చ, సగం బూడిద. పిలకలు వేశాక నీలం వైపు మొగ్గే ముదురు పచ్చ. గింజ పాలు పోసుకున్నాక మళ్లీ పసుపు దిగుతుంది, కోతల నాటికి బంగారమే. సార్వాకి ఒకసారి, దాళ్వాకి ఒకసారి ఈ వరసంతా నడుస్తుంది. ఇక గట్టు మీద కొబ్బరాకు, కాలవ పక్కన అరటాకు, నీళ్ల మీద గుర్రపుడెక్క, దేని పచ్చ దానిదే. నది సంగతి సరేసరి. వరదల రోజుల్లో కోటిపల్లి రేవులో నిలబడితే ఎర్రనీరు తప్ప నీలం ఎక్కడుంది? ఆ నీళ్లకి నీలం పూసినవాడు నదిని చూసి వెయ్యలేదు, పాత డ్రాయింగ్ పుస్తకం చూసి వేశాడు.

మన సీఎస్ వాళ్లకి ఇక్కడో చిక్కుంది. మనకి రంగంటే మూడు అంకెలు. పసుపు అంటే 255, 255, 0. నీలం అంటే 0, 0, 255. రెండిటి సగటు తీయండి, మూడూ సమానంగా 127.5 వస్తాయి. అంటే బూడిద రంగు. కానీ కాగితం మీద పసుపూ నీలం కలిపితే పచ్చ వస్తుంది. రెండూ నిజమే. స్క్రీను వెలుగుని కలుపుతుంది, రంగుపొడి వెలుగుని మింగుతుంది. పసుపు పెయింటు మీద పడిన తెల్లటి వెలుగులోంచి నీలం భాగాన్ని మింగేస్తుంది. నీలం పెయింటు ఎరుపు భాగాన్ని మింగేస్తుంది. రెండూ కలిశాక ఎవరూ పూర్తిగా మింగకుండా మిగిలింది పచ్చ. మన కంటికి చేరేది అదే. అంటే కుంచెతో కలపడం కూడిక కాదు, తీసివేత. ఈ ఒక్క మాట ఒంటబడితే సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం ఏ పసుపు, ఏ నీలం అన్నది. నిమ్మపండు పసుపు కొంచెం పచ్చ వైపు మొగ్గుతుంది. బంతిపువ్వు లాంటి పసుపు నారింజ వైపు మొగ్గుతుంది. నీలాల్లో అల్ట్రామెరైన్‌లో ఎరుపు ఛాయ ఉంటుంది, ప్రష్యన్ బ్లూలో పచ్చ ఛాయ ఉంటుంది. నిమ్మ పసుపులో ప్రష్యన్ బ్లూ కలిపితే ఆకుమడి మెరుపు వస్తుంది. బంతి పసుపులో అల్ట్రామెరైన్ కలిపితే ముదిరిన కొబ్బరాకు వస్తుంది, ఎందుకంటే రెండిట్లోనూ దాగున్న ఎరుపు పచ్చ పొగరుని కాస్త అణుస్తుంది. పసుపులో చిటికెడు నలుపు వేసినా పచ్చే వస్తుంది, కానీ మాసిన పచ్చ. నీడ పడిన గడ్డికి అది చక్కగా పనికొస్తుంది. ఎప్పుడూ పసుపు ముందు పెట్టుకుని నీలాన్ని చుక్కచుక్కగా కలపాలి. తిరగేసి చేస్తే డబ్బా పసుపు ఖర్చవుతుంది, నీలం మాత్రం లొంగదు. పచ్చ మరీ అరుస్తుంటే దాని ఎదురు రంగు ఎరుపు కొద్దిగా చేర్చాలి. నాలుగైదు రంగులు కలిపేస్తే మాత్రం బురదే మిగులుతుంది. ఇంకో సంగతి, నీటిరంగులు ఆరాక లేతబడతాయి, ఆక్రిలిక్ ఆరాక ముదురుతుంది. ఆరేదాకా తీర్పు చెప్పకండి.

ఇంత గొడవ మనకెందుకు, కొత్తగా పుట్టుకొచ్చిన పిచ్చి కాదా అనిపించొచ్చు. కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు పచ్చ కోసం వేరే రంగు వెతుక్కోలేదు. నీలిమందు వేసిన చోట పైన పసుపు దిద్దితే పచ్చ. నలుపు అంటే తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో ఊరబెట్టినది. రంగులు నాలుగైదే, బట్ట నిండా కథంతా వస్తుంది.

నేతలో ఇంకా చిత్రం ఉంది. మా అమ్మమ్మ చీరల కొట్టులో "ఇది పచ్చ కాదే, నెమలికంఠం" అంటుంది. పక్కకి తిప్పితే నీలం, ఇటు తిప్పితే పచ్చ. పడుగు ఒక రంగు దారం, పేక ఇంకో రంగు దారం. రంగులు దారంలో కలవవు, మన కంటిలో కలుస్తాయి. మన స్క్రీను మీద పిక్సెల్ చేసే పని కూడా ఇదే: ఎరుపు, పచ్చ, నీలం చుక్కలు పక్కపక్కనే వెలుగుతాయి, కలిపేది కన్ను. ఉప్పాడలోనో బండారులంకలోనో మగ్గం మీద కూర్చున్న మనిషికి ఈ సంగతి మన గ్రాఫిక్స్ సిలబస్ రాకముందే తెలుసు.

ఫ్రాన్సులోనూ ఈ పాఠం నేత దగ్గరే మొదలైంది. గోబెలిన్స్ నేతశాలలో అద్దకం విభాగం చూసే రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్‌కి నలుపు దారం వెలిసిపోయినట్టుందని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే దారంలో లోపం లేదు. పక్కన నేసిన రంగు దాన్ని అలా చూపిస్తోంది. 1839లో ఆయన ఈ విషయం మీద పెద్ద పుస్తకమే వేశారు. అంటే ఏ రంగూ ఒంటరిది కాదు. అదే బూడిద ముద్దని పచ్చ పక్కన పెడితే ఎర్రబారినట్టు, ఎరుపు పక్కన పెడితే పచ్చబారినట్టు కనిపిస్తుంది. రంగు ఎంచుకోవడం కన్నా దానికి పొరుగుని ఎంచుకోవడమే పెద్ద పని.

మన దగ్గర దీనికి పెద్ద బడి రాజమండ్రిలో ఉంది. దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ. 1897లో పుట్టి, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జేజే స్కూల్లో చదివి, తిరిగొచ్చి రాజమండ్రిలోనే బొమ్మలు నేర్పిన మనిషి. 1925లో మశూచితో పోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆయన బొమ్మల్లో నాకు నచ్చేది రంగులు అరవకపోవడం. పలచటి పూతలు, మెత్తటి మట్టి రంగులు, ఒకటి రెండు చోట్ల మాత్రమే గట్టి రంగు. అందుకే కన్ను ఆ గట్టి రంగు దగ్గరే ఆగుతుంది. బొమ్మంతా గట్టిగా ఉంటే ఎక్కడ ఆగాలో కన్నుకి తెలీదు. మనం హైదరాబాదులో ఎన్ని మాల్స్ తిరిగామో లెక్క చెప్పగలం కానీ, ఈ గ్యాలరీకి ఎన్నిసార్లు వెళ్లామో అడిగితే తల దించుకోవాల్సిందే.

"కలర్ పికర్‌లో కోటీ అరవై ఏడు లక్షల రంగులున్నాయి, ఒక్క వాక్యం టైప్ చేస్తే ఏఐ పల్లెటూరు గీసి ఇస్తుంది, ఇంకా కుంచె కడుక్కోవడం ఎందుకు?" అని మిత్రులు అడుగుతారు. మంచి ప్రశ్నే. నేను టాబ్లెట్‌కి వ్యతిరేకిని కాను, నేనూ దాని మీదే ఎక్కువ గీస్తాను. కానీ కోటి రంగుల్లో ఏది కావాలో తెలియాలంటే ముందు చేను దగ్గర నిలబడి "ఇందులో పసుపు ఎంత, ఎరుపు ఎంత" అని కన్ను అడగాలి. ఆ ప్రశ్న అడగడం నేర్పేది కలపడమే. ట్యూబు మనల్ని ఆ ప్రశ్న అడగనివ్వదు. ఏఐ అసలే అడగనివ్వదు. అది ఇచ్చే పల్లెటూరు పచ్చ ఎవరో ఎక్కడో తీసిన లక్షల ఫోటోల సగటు. సగటు తీస్తే ఏమొస్తుందో పైన చూశాం కదా.

ఇది బొమ్మలకే పరిమితమైన సంగతి కూడా కాదు. డెల్టాలో చాలా చోట్ల చేలు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అవుతున్నాయి. నిన్నటి వరిపచ్చ ఇవాళ బూడిద నీరు. అది మంచో చెడో వేరే చర్చ. కానీ మారిన రంగుని గుర్తుపట్టే కన్ను లేకపోతే మారిందన్న మాటే మనం అనలేం. మాటలు కూడా అంతే. నెమలికంఠం, వంగపండు, ఉల్లిపొర, చింతపిక్క, చిలకపచ్చ, మిరపపండు, ఇవన్నీ మన భాష ఒక వస్తువుని చూసి పెట్టుకున్న రంగుల పేర్లు. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు వీటిలో చాలా పేర్లు బడిలో కాదు, చీరల కొట్టులో తెలిశాయి. చూడటం మానేస్తే ఈ పేర్లు ఎందుకు పెట్టారో కూడా అర్థం కాకుండా పోతుంది.

కాబట్టి మన క్లబ్బుకి నా ప్రతిపాదన ఇది. ఈ సెమిస్టర్ రంగుల డబ్బుతో రెండు పసుపులు, రెండు నీలాలు, ఒక ఎరుపు, ఒక తెలుపు కొందాం. పచ్చ వద్దు. ఒక్కొక్కరూ పన్నెండు గళ్లు గీసి పన్నెండు పచ్చలు కలిపి, ప్రతి గడి కింద దాని తెలుగు పేరు రాయాలి. పేరు దొరక్కపోతే ఇంట్లో పెద్దవాళ్లని అడగాలి. వేసిన బొమ్మని ఫోన్‌లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చెయ్యండి. గ్రేస్కేల్ ఫార్ములా మనకి తెలిసిందే: ఎరుపుకి 0.299, పచ్చకి 0.587, నీలానికి 0.114. అందులో అంతా ఒకే బూడిదగా కనిపిస్తే రంగులు ఎన్ని మార్చినా బొమ్మ చప్పగానే ఉంటుంది. వెలుగునీడలు తేలేదాకా మళ్లీ కలపండి.

ఒక ఆదివారం రాజమండ్రి బస్సెక్కి గ్యాలరీ చూసొద్దాం. వచ్చేటప్పుడు కిటికీ సీటు దొరికితే ఫోన్ జేబులో పెట్టి, దారి పొడవునా ఎన్ని పచ్చలు కనిపించాయో లెక్కపెట్టండి. ఇరవై దాటితే నాకు చెప్పండి, వచ్చే సంచికలో పేర్లతో సహా వేద్దాం.