మూత్రపిండానికి కణచికిత్స

రోగి ఎముక మజ్జ నుంచో, కొవ్వు నుంచో, మూత్రపిండం నుంచో తీసిన కణాలను ప్రయోగశాలలో పెంచి, తిరిగి ఒంట్లోకి ఎక్కించడం కణచికిత్సలో ఒక పద్ధతి. ఒక్కో మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు సుమారు పది లక్షలుంటాయి. పోయినవి మళ్లీ పుట్టవు. ఎక్కించిన కణాలు వాపు తగ్గించి, మిగిలినవాటిని కాపాడగలవా అన్నదే ఇప్పటి పరీక్ష. అమెరికాలో షుగరు వల్ల కిడ్నీ దెబ్బతిన్నవారిపై, వారి సొంత మూత్రపిండ కణాలతో చేసే ప్రయోగం మూడో దశకు చేరింది. అది ఆశే, వైద్యం కాదు.

కర్నూలు, కడపల్లో ఈ తేడా తెలియడం అత్యవసరం. పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, రక్తనాళాలు కలిపి కుట్టిన, ఉబ్బిన ఫిస్టులా చేతికి రెండు సూదులు గుచ్చించుకుని, నాలుగు గంటలు డయాలసిస్ యంత్రం పక్కన పడుకునే మనిషి, చేనమ్మైనా కొత్త వైద్యం చేయించుకోవాలనుకుంటాడు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కిడ్నీ జబ్బుకు మూలకణాలను అనుమతి పొందిన ప్రయోగంలో తప్ప ఇవ్వకూడదు; ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఎవరైనా లక్షలు అడిగితే ఆరోగ్యశాఖ వెంటనే చర్య తీసుకోవాలి. జబ్బును ముందే పట్టుకునేందుకు బీపీ, షుగరు ఉన్నవారికి ఏటా క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు పీహెచ్‌సీలోనే చేయాలి.