పైనుంచి పిలుపు ఎప్పుడొస్తుంది?

2023 వేసవిలో నేను బెంచ్ మీద ఉన్నాను. ఆటల బెంచ్ కాదు, సాఫ్ట్‌వేర్ కంపెనీ బెంచ్. పాత ప్రాజెక్టు అయిపోయింది, కొత్తది రాలేదు. ‘నీ ప్రొఫైల్ బాగుంది, చూస్తున్నాం’ అనేవాడు మేనేజర్. నెలలు గడుస్తున్నాయి. నిద్రపట్టక తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ తీస్తే, అమెరికా తూర్పు తీరంలో అప్పుడే రాత్రి ఏడింటి బేస్‌బాల్ మ్యాచ్‌లు మొదలయ్యేవి. డేటా మీద బ్లాగు రాసే అలవాటుంది కాబట్టి స్కోరు పట్టికలంటే నాకు సరదా. అలా బాల్టిమోర్ ఓరియోల్స్ అనే జట్టు కింద ఎదుగుతున్న కుర్రాళ్లను ఆ సీజన్ మొత్తం ఫాలో అయ్యాను. వాళ్లూ నాలాగే పైనుంచి పిలుపు కోసం చూస్తున్నారు. అది ఎవరికొస్తుంది, ఎవరికి రాదు, ఎందుకు? ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు ఈ లెక్క పనికొస్తుంది.

నాలుగు మెట్లు

మన క్రికెట్‌లో రంజీ ఆడి టీమిండియాకు వెళ్తారు. అక్కడ పద్ధతి వేరు. మేజర్ లీగ్‌లో 30 జట్లుంటే, ఒక్కోదానికీ అనుబంధంగా నాలుగేసి చొప్పున మైనర్ లీగ్‌లో 120 జట్లున్నాయి. కింది నుంచి లో ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా వారానికి ఆరు రోజులు ఆటే, సోమవారం సెలవు. ఏ మెట్టు మీద ఎవరుండాలో పై జట్టే నిర్ణయిస్తుంది.

మెట్టు మారితే బతుకే మారుతుంది. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్ల యూనియన్ తొలి ఒప్పందం కుదిరింది. ట్రిపుల్ ఏలో కనీస వార్షిక వేతనం 17,500 డాలర్ల నుంచి 35,800కు పెరిగింది. అదే ఏడాది మేజర్ లీగ్ కనీస వేతనం 7,20,000 డాలర్లు. ఒక్క మెట్టుకు ఇరవై రెట్ల తేడా!

ఓరియోల్స్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. 2018లో ఆ జట్టు 115 మ్యాచ్‌లు ఓడింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన కొత్త యాజమాన్య బృందం స్టార్లను కొనడం కంటే కుర్రాళ్లను తయారుచేయడం మీద, డేటా మీద దృష్టి పెట్టింది. డేటా విభాగం బాధ్యతలు చూసిన సిగ్ మెజ్‌డాల్ ఇంజినీరింగ్ చదివి, నాసాలో పనిచేసి బేస్‌బాల్‌లోకి వచ్చిన మనిషి. 2023లో అదే జట్టు 101 మ్యాచ్‌లు గెలిచింది.

ఒకే ఏడాది నాలుగు మెట్లు

జాక్సన్ హాలిడే. 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన కుర్రాడు. 2023 సీజన్‌ను 19 ఏళ్ల వయసులో లో ఏలో మొదలుపెట్టాడు. అక్కడ 14 మ్యాచ్‌లు, హై ఏలో 57, డబుల్ ఏలో 36, సెప్టెంబర్‌కల్లా ట్రిపుల్ ఏ జట్టు నార్‌ఫోక్‌లో 18. మొత్తం కలిపి సగటు 0.323. ఈ ఆటలో పది ప్రయత్నాల్లో మూడు హిట్లు కొడితేనే మంచి బ్యాటర్ అంటారు.

ఇక్కడ నేను నేర్చుకున్న మొదటి విషయం: అంకెను ఒంటరిగా చూడకూడదు. 24 ఏళ్లవాడు లో ఏలో 0.323 కొడితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 19 ఏళ్లవాడు తనకంటే ఐదారేళ్లు పెద్దవాళ్ల మీద కొడితే అందరూ తిరిగి చూస్తారు. మాక్ టెస్టులో 90 శాతం వచ్చిందని సంబరపడే ముందు, అది ఏ స్థాయి టెస్టో చూసుకోవాలన్నమాట.

2024 ఏప్రిల్ 10న హాలిడేకు పిలుపొచ్చింది. పది మ్యాచ్‌లు ఆడాడు. 34 ప్రయత్నాల్లో 2 హిట్లు. ఏప్రిల్ 26న మళ్లీ నార్‌ఫోక్‌కు పంపేశారు.

టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో చక్కగా నడిచిన కోడ్ ప్రొడక్షన్‌లో పడిపోవడం మనవాళ్లకు తెలిసిందే. ఇక్కడా అంతే. ట్రిపుల్ ఏ మైదానాల్లో 2023 నుంచి బంతి స్ట్రైకా కాదా అన్నది తేల్చడానికి కెమెరాల వ్యవస్థను ప్రయోగించారు. పైన అప్పటికి అంపైర్ చెప్పిందే వేదం. పైగా బౌలింగ్ స్థాయే వేరు. కింద వచ్చిన మార్కులు పైన జరిగే పరీక్షకు గ్యారంటీ కాదు.

జులై 31న మళ్లీ పిలిచారు. ఆ రోజే టొరంటో మీద గ్రాండ్ స్లామ్ కొట్టాడు, అంటే ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు. అయినా ఆ ఏడాది మొత్తం మీద సగటు 0.189 దగ్గరే ఆగింది. 2025లో 149 మ్యాచ్‌లు ఆడి 17 హోమ్ రన్లు కొట్టాడు. సినిమాలోలా ఒక్క దెబ్బతో అంతా మారిపోలేదు, నెమ్మదిగా నిలదొక్కుకుంటున్నాడు.

ఖాళీ లేకపోతే?

హాలిడే కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది జోయీ ఆర్టిజ్. 2023లో నార్‌ఫోక్‌లో 0.321 సగటుతో ఆడాడు. ఓరియోల్స్‌కు పిలుపు వచ్చింది కానీ 15 మ్యాచ్‌లే దక్కాయి. తప్పు అతనిది కాదు. అతను ఆడే స్థానాల్లో పైన గన్నర్ హెండర్సన్ లాంటివాళ్లున్నారు. హెండర్సన్ ఆ ఏడాది అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు. కింద హాలిడే తరుముకొస్తున్నాడు. ఎంత బాగా ఆడినా కుర్చీ ఖాళీగా లేదు.

2024 ఫిబ్రవరి 1న ఓరియోల్స్ అతన్ని మిల్వాకీకి ఇచ్చేసి, బదులుగా కార్బిన్ బర్న్స్ అనే పేరున్న పిచర్‌ను తెచ్చుకుంది. మిల్వాకీలో ఆర్టిజ్ వెంటనే రెగ్యులర్ ఆటగాడైపోయాడు. మనిషి అదే, ఆట అదే, జట్టే వేరు.

కోల్టన్ కౌసర్‌ది మరో దారి. 2023లో మేజర్ లీగ్‌లో 26 మ్యాచ్‌లు ఆడి సగటు 0.115తో వెనక్కి వచ్చాడు. మరుసటి ఏడాది 24 హోమ్ రన్లు కొట్టి, ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. 0.115 చూసి అతని మీద తీర్పు రాసేసినవాళ్లంతా తొందరపడ్డట్టే.

రెండో వైపు

ఇదంతా చదివి ‘ఓపిక పడితే చాలు’ అనుకుంటే పొరపాటు. హాలిడేకు సంతకం రోజునే 81.9 లక్షల డాలర్లు ఇచ్చారు. అంత పెట్టుబడి పెట్టిన వాడికి రెండో అవకాశం, మూడో అవకాశం తప్పకుండా వస్తాయి. డ్రాఫ్ట్ ఇరవయ్యో రౌండ్‌లో వచ్చిన కుర్రాడికి ఒక్క చెడ్డ సీజన్ చాలు, బ్యాగు సర్దుకోవడానికి. మైనర్ లీగ్‌లో ఆడేవాళ్లలో ఎక్కువమంది మేజర్ లీగ్ మైదానంలో ఒక్కసారి కూడా అడుగు పెట్టరు.

పిలుపు వెనక డబ్బు లెక్కలూ ఉంటాయి. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయితే ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకోవచ్చు. అందుకే ఎవరిని ఏ తేదీన పిలవాలో జట్లు రోజులు లెక్కపెట్టుకుంటాయి. ఆ లెక్కలో కుర్రాడి ప్రతిభ ఒక అంకె మాత్రమే.

ఇంత జాగ్రత్తగా తయారుచేసుకున్న జట్టయినా గెలుస్తూనే ఉంటుందన్న నమ్మకం లేదు. 101 గెలిచిన ఓరియోల్స్ 2025లో 75 మ్యాచ్‌లే గెలిచింది.

నేను తెలుసుకున్నది

ఆ సీజన్‌కు ముందు, పిలుపు రాకపోతే లోపం నాలోనే ఉందనుకునేవాణ్ని. సీజన్ అయ్యేసరికి ప్రశ్న మారింది. నా పనిలో లోటుందా, లేక పైన ఖాళీ లేదా? రెండింటికీ మందు ఒకటి కాదు. లోటుంటే కౌసర్‌లా వెనక్కి వెళ్లి సరిచేసుకోవాలి. ఖాళీ లేకపోతే, ఎంత సాధన చేసినా అదే గుమ్మం ముందు నిలబడి లాభం లేదు, మరో జట్టు చూసుకోవాలి.

ఇది తేల్చుకోవడం కష్టమేం కాదు. ఇంటర్వ్యూల్లో ఏ రౌండ్‌లో ఆగిపోతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతిసారీ కోడింగ్ రౌండ్‌లోనే పోతుంటే అది సాధన సమస్య. అన్నీ దాటాక ‘పొజిషన్ హోల్డ్‌లో ఉంది’ అంటుంటే అది ఖాళీ సమస్య. ఆ కాగితం లేకుండా బాధపడితే, 34 ప్రయత్నాలు చూసి హాలిడే పని అయిపోయిందన్నట్టే.

నేనూ అలాంటి కాగితం రాసుకున్నాను. నా బెంచ్‌ది ఖాళీ సమస్య అని తేలింది. ఆ అక్టోబర్‌లో చిన్న కంపెనీకి మారాను, కాస్త తక్కువ జీతానికే. రోజూ పని ఉంటోంది. తెల్లవారుజామున నాలుగున్నరకు ఇప్పుడూ లేస్తున్నా, కాకపోతే ఇప్పుడు లేచేది స్కోరు కోసమే.