ఇంజనీరునకు ఇంజనీరు పని యిండు

ఆదోని మార్కెట్టు యార్డులో పత్తి దిగుటయే తడవు, జిన్నింగు మిల్లులు రేయింబవళ్ళు తిరుగ నారంభించును. మాచాని సోమప్పగారు 1938 లో నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరునకును నూలే ఆధారము. మిల్లు తిరుగుటకైనను, మగ్గముపై దీపమునకైనను నేడు కరెంటు కావలెను. అట్టి కరెంటును మన గడపకు దెచ్చు ఇంజనీరును దీపమారినప్పుడు గాని మనము తలపము. ఆ తలపును తిట్టుగనే యుండును.

అతడెవరు? నాలుగేండ్లు విద్యుచ్ఛాస్త్రము చదివి, పోటీపరీక్షలో నెగ్గి వచ్చిన పట్టభద్రుడు. సహాయ ఇంజనీరను పేర కొన్ని పల్లెలును, సబుస్టేషన్లును, వేలకొలది కనెక్షన్లును అతని కప్పగింపబడును. కాని పైయధికారుల సమావేశములలో అతని నడుగు మొదటి ప్రశ్న యేది? బకాయి యెంత వసూలైనది? ఎన్ని ట్రాన్సుఫార్మర్లు కాలినవి, ఏల కాలినవి యను ప్రశ్న తరువాతిది. ఒక్కొకప్పుడు సమయము చాలక మిగిలిపోవునది. ఈ వరుస తలక్రిందులని మా యభిప్రాయము.

తుంగభద్ర దిగువ కాలువ చివరి భూముల రైతునకు నీటి కష్టమన నేమో తెలియును. కరెంటు తీగకును అట్టి చివరియే కలదు. సబుస్టేషనునకు దూరమైనకొలది వోల్టేజి తగ్గును. అది పదవవంతు తగ్గిన, మోటారు త్రిప్పు బలము దాదాపు అయిదవవంతు తగ్గును. మోటారు మూలుగుచు అధికమైన కరెంటును లాగి, వేడెక్కి, చుట్టలు కాల్చుకొనును. తీగలో ప్రవాహము రెండింతలైన, అందు వృథాయగు శక్తి నాలుగింతలగును. దీనికి మందు కలదు: వాడకమున్నచోటికి ట్రాన్సుఫార్మరును చేర్చుట, తీగను లావు చేయుట, కెపాసిటర్ల నమర్చుట. ఏ ఫీడరునకు ఏది తగునో కొలిచి, లెక్కగట్టి చెప్పవలసినవాడు ఆ పట్టభద్రుడే. బకాయిల పట్టిక చేతబట్టి యిల్లిల్లు తిరుగువానికి కొలుచు తీరిక యెక్కడిది?

ఇంతకంటె గురుతరమైన దింకొకటి కలదు. లైన్‌మన్ స్తంభమెక్కునది లైన్ క్లియర్ అందిన తరువాత. సబుస్టేషనులో సరఫరా తెంచవలెను. తీగలో కరెంటు లేదని పరీక్షించి, దానిని భూమికి కలుపవలెను. అంతట గాని చేయి వేయరాదు. సరఫరా ఆగినదని మిల్లువారు తమ జనరేటరును నడుపుదురు. దానిని వీధి తీగలనుండి వేఱుచేయు స్విచ్చి సరిగా లేకున్న, మిల్లునుండియే కరెంటు వెనుకకు ప్రాకి, ట్రాన్సుఫార్మరును దాటి, వేల వోల్టులై స్తంభముపై నున్నవానిని చంపును. ఏ మిల్లులో ఏ స్విచ్చి యెట్లున్నదో కంట చూడని ఇంజనీరు ఏ ధైర్యమున సంతకము చేయును?

బకాయి వసూలు కానిదే పంపిణీ సంస్థ బ్రదుకదన్న మాట నిజమే. అందుకు లెక్కల సిబ్బంది కలరు. చాలకున్న వారిని పెంచవచ్చును. బకాయిదారులలో పంచాయతీలును, ప్రభుత్వ కార్యాలయములును ఉండుట వేఱొక వినోదము.

తెలుగువారికి ఈ విద్యలో పేరు లేకపోలేదు. 1943 లో గిండీ ఇంజనీరింగు కళాశాలనుండి ఎలక్ట్రికల్ ఇంజనీరుగా వెలువడి, విద్యుత్సరఫరా మార్గముల రూపకల్పనలో పనిచేసిన అయ్యలసోమయాజుల లలితగారు మనవారే. రాష్ట్ర విద్యుత్ మండలికి అధ్యక్షుడైన నార్ల తాతారావుగారి పేర విజయవాడ థర్మల్ కేంద్రము నిలిచియున్నది. నేడు మన బిడ్డలు అదే పట్టము పుచ్చుకొని బెంగుళూరు సాఫ్టువేరు కార్యాలయములకు పోవుచున్నారు. జీతమునకై పోవువారిని నిందింపము. కాని యిచట చేరినవానికి తాను చదివిన విద్యతో పనిలేకపోవుటయు ఒక కారణము కాదా? ఓర్వకల్లు ప్రాంతమున 2017 లో వేయి మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసినది; ఆస్పరి వైపు గాలిమరలు తిరుగుచున్నవి. కరెంటు పుట్టించుచోట ఇంజనీరును ఇంజనీరుగా చూచుచు, పంచుచోట గుమాస్తాగా చూచుట యేమి న్యాయము?

అక్టోబరు నాటికి కొత్తపత్తి వచ్చును. ఆలోపుగ ఆదోని, ఎమ్మిగనూరు సెక్షన్ల ఇంజనీర్లను రెండు నెలలు వసూలు పనినుండి తప్పించి, ప్రతి ఫీడరు చివర వోల్టేజిని, ప్రతి మిల్లు జనరేటరు స్విచ్చిని పరీక్షింపించి, ఆ పట్టికను సబుస్టేషను గోడకు అంటింపవలెనని తిరుపతిలోని పంపిణీ సంస్థవారిని కోరుచున్నాము. మిల్లు యజమానులును, నేతగాండ్ర సంఘములును ఇదే కోరికతో అర్జీలు పంపవలెను.