వేషం, భాష, విశ్వాసం

నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని మర్ఖేల్ తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఊరు. 1956 వరకు ఈ ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1960 నుండి మహారాష్ట్రలో ఉన్నది. హద్దులు మారినా సరిహద్దు ఊళ్ళలో తెలుగు మాట నిలిచింది. ఇలాంటి ఊళ్ళలో ఒక ముస్లిం యువకునికి నమాజులో అరబ్బీ, ఇంట్లో ఉర్దూ, కచేరీలో మరాఠీ, ఇరుగుపొరుగుతో తెలుగు అవసరమవుతాయి.

శుక్రవారం జుమ్మా నమాజుకు వజూ చేసుకొని వరుసలో నిలిచేవారిలో కుర్తా పైజామా వారూ ఉంటారు, జీన్సు ప్యాంటు వారూ ఉంటారు. ఆ ప్యాంటును, చేతిలోని సెల్‌ఫోనును చూసి కొందరు పెద్దలు ‘దీన్ పోతున్నది’ అని బాధపడతారు. తెలుగు మాట్లాడితే తమ ముస్లింతనం తగ్గుతుందని కొందరు యువకులు అనుకుంటారు. ఈ రెండూ పొరపాట్లే.

పెద్దల దిగులుకు కొంత కారణం లేకపోలేదు. సెల్‌ఫోను చదువును, నిద్రను, నమాజు వేళను కూడా మింగేయగలదు. అయితే తప్పు వ్యసనానిది, వేషానిది కాదు. నమాజుకు బట్టలు శుభ్రంగా ఉండాలి, ఒంటిని సరిగా కప్పాలి. ఇండోనేషియాలో లుంగీ వంటి సారోంగు కట్టుకొని మసీదుకు వెళతారు. అలాగే బురఖా వేసుకొని కళాశాలకు వెళ్ళే అమ్మాయిని వెనుకబడినదని తలచడమూ తప్పే.

ఇక భాష సంగతి. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) సూఫీ పీఠాధిపతిగా ఉంటూనే తెలుగులో పద్యాలు, నాటకాలు రచించాడు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో తల్లిభాష బెంగాలీ కోసం ప్రాణాలిచ్చిన యువకులు ముస్లింలే. నేడు ఆ రోజే అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. మన రాజ్యాంగం 30వ అధికరణం మతాన్ని బట్టి అల్పసంఖ్యాకులైనవారికీ, భాషను బట్టి అల్పసంఖ్యాకులైనవారికీ విద్యాసంస్థలు నెలకొల్పుకొనే హక్కును ఒకే వాక్యంలో ఇచ్చింది. ఒకటి కావాలంటే రెండవది వదులుకోవాలని అది చెప్పలేదు.

విశ్వాసానికి గుర్తు నడవడి. ఏటా సంపదలో నలభయ్యో వంతు జకాత్‌గా పేదలకిచ్చేవాడు, తూకంలో మోసం చేయనివాడు, పొరుగువాని కష్టంలో ముందుండేవాడు ఏ బట్టలు కట్టినా, ఏ భాష మాట్లాడినా దీన్‌ను నిలిపినవాడే. ‘ఏం వేసుకున్నావు?’ అని అడిగే ముందు ‘ఏం చదువుతున్నావు? ఎవరికి తోడ్పడ్డావు?’ అని పెద్దలు అడగాలి. మసీదులో ఒక అలమర పెట్టి ఉర్దూ, తెలుగు, మరాఠీ పుస్తకాలు ఉంచితే నమాజు ముగిశాక యువకులు అక్కడే కూర్చొని చదువుకుంటారు. అప్పుడు పెద్దల దిగులూ తగ్గుతుంది, పిల్లల బిడియమూ పోతుంది.